ఇసుక మేట, చందనపు పూత

తెలుగులో మనిషి స్పృహ కోల్పోతే ‘తెలివి తప్పింది’ అంటారు, మళ్లీ కళ్లు తెరిస్తే ‘తెలివి వచ్చింది’ అంటారు. అదే మాటను చదువులో చురుకైన పిల్లవాడికీ, బేరంలో నేర్పరికీ కూడా వాడతారు. రెండు అర్థాలు ఒకే పదంలో ఇమిడిపోవడం వల్ల, లోకం సంగతి తెలిసినవాడికి తన సంగతి కూడా తెలిసే ఉంటుందన్న భ్రమ సులువుగా కలుగుతుంది. తత్త్వచింతన చేసిన తెలుగువారు ‘ఎరుక’ అనే మరో మాటను పట్టుకోవడం వెనుక ఈ చిక్కు ఉండి ఉండవచ్చు. ఎరుక అంటే ఒక విషయం మనసులో నడుస్తున్నప్పుడే అది నడుస్తోందని తెలిసి ఉండటం. కోపం రావడం అందరికీ అనుభవమే. కోపం వచ్చిందన్న సంగతి ఆ క్షణంలోనే తెలియడం మాత్రం అరుదు, ఎందుకంటే ఆ క్షణంలో మనిషికి ఎదుటివాడి తప్పు కనిపిస్తుందే తప్ప తన కోపం కనిపించదు.

తన్ను తాను గమనించుకోవడం, ఆలోచనల్లో పాతుకుపోయిన అలవాట్లను సవరించుకోవడం, ఒక ప్రయోజనం కోసం బతకడం అనే మూడింటినీ ఈ కాలపు ఉపన్యాసాలు విడివిడి విద్యలుగా బోధిస్తున్నాయి. మొదటిదానికి ధ్యానమనీ, రెండోదానికి వ్యక్తిత్వ వికాసమనీ, మూడోదానికి లక్ష్య సాధన అనీ పేర్లు స్థిరపడ్డాయి. ఇవి మూడూ ఒకే పనికి మూడు దశలని, ఒకదాన్ని వదిలి మరొకదాన్ని పట్టుకుంటే ఏదీ నిలవదని ఈ వ్యాసం వాదిస్తుంది. అందుకు విశాఖపట్నాన్ని ఆధారంగా తీసుకోవడం యాదృచ్ఛికం కాదు. ఒకవైపు తొట్లకొండ, బావికొండ, పావురాలకొండల మీది బౌద్ధారామాల శిథిలాలు, మరొకవైపు సింహాచల క్షేత్రం, వాటి నడుమ చైతన్యాన్ని పాఠ్యాంశంగా స్వీకరించిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, వీటన్నిటినీ చుట్టుకుని రేవు, ఉక్కు కర్మాగారం ఉన్న ఈ నగరంలో, మనసును ఎలా గమనించి సవరించుకోవాలన్న ప్రశ్నకు ఒకటికి నాలుగు జవాబులు పక్కపక్కనే దొరుకుతాయి.

ఆలోచనల అలవాటు ఎలా ఏర్పడుతుందో గ్రహించడానికి ముందుగా రేవు దగ్గరికే వెళ్లవలసి ఉంటుంది. ఈ తీరంలో, ముఖ్యంగా నైరుతి రుతుపవనాల కాలంలో, అలలు ఒడ్డును ఏటవాలుగా తాకడం వల్ల ఇసుక తీరం వెంబడే దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ ఉంటుంది. ఏ ఒక్క అల తెచ్చే ఇసుకా లెక్కలోకి రాదు. కానీ వచ్చే ప్రతి అలా కొంత తెస్తుంది. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ ప్రవేశంతో తెరుచుకున్న ఈ రేవును కట్టినవారికి ఎదురైన పెద్ద సమస్యల్లో ఈ ఇసుక ఒకటి. డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి లోపలికి వెళ్లే కాలువ ముఖద్వారం పూడిపోకుండా రెండు పాత ఓడలను ముంచి వాటినే అడ్డుకట్టగా నిలిపారు. 1970ల్లో బయటి రేవు నిర్మాణమయ్యాక కూడా పని ముగియలేదు. ఇసుక వచ్చి చేరడానికని ప్రత్యేకంగా ఒక గొయ్యిని ఏర్పాటు చేసి, అందులో చేరిన దాన్ని డ్రెడ్జర్లతో తీస్తూనే ఉన్నారు. పూడికతీత ఈ రేవు ఆయుష్షుతో పాటు సాగే పని.

యోగశాస్త్రం సంస్కారం అని పిలిచేది ఇలాంటి మేటనే. ఒక అనుభవం గడిచిపోయినా దాని ఆనవాలు చిత్తంలో మిగులుతుంది, ఆ ఆనవాలుకు సంస్కారమని పేరు. అలాంటి ఆనవాళ్లు ఒకే వైపు పేరుకుని మనిషిని మళ్లీ అటే లాగినప్పుడు దాన్ని వాసన అంటారు. తెలుగువాడికి ఈ మాటను విప్పి చెప్పనక్కరలేదు, ఇంగువ కట్టిన గుడ్డ అంటే చాలు: ఇంగువ ఎప్పుడో అయిపోయినా గుడ్డ దాన్ని మరిచిపోదు. చిత్తంలో లేచే ప్రతి కదలికనూ పతంజలి సంప్రదాయం వృత్తి అంటుంది. సంస్కారం నుంచి వృత్తి పుడుతుంది, ఆ వృత్తి తిరిగి తనలాంటి సంస్కారాన్నే బలపరుస్తుంది, ఈ చక్రం ఎవరూ తిప్పకుండానే తిరుగుతుంది. 1890లో వెలువడిన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో విలియం జేమ్స్ అలవాటును నాడీమండలంలో పడిన దారిగా వర్ణించినప్పుడు ఆయన చెప్పింది దాదాపు ఇదే సంగతి, శరీరం వైపు నుంచి.

రేవు ఇంజనీర్లు పూడిక తీయడానికి ముందు నీటి లోతును కొలుస్తారు. ఎక్కడ ఎంత మేట వేసిందో పటం మీదికి ఎక్కిన తర్వాతే డ్రెడ్జర్ కదులుతుంది. మనుషులు తమ విషయంలో సాధారణంగా ఈ మొదటి పనిని దాటవేసి రెండోదానికి దిగుతారు. ఉగాది నాడో, పుట్టినరోజు నాడో ఇకపై కోపం తెచ్చుకోకూడదని, ఉదయాన్నే లేవాలని తీర్మానించుకుని, వారం తిరగకుండానే పాత దారిలో పడటానికి కారణం సంకల్పబలం లేకపోవడమని అనుకుంటారు; నిజానికి లోపించింది లోతు కొలత. ప్రతి మనిషిలోనూ ఇసుక చేరే చోటు ఒకటి ప్రత్యేకంగా ఉంటుంది. ఒకరికి అది తోబుట్టువుల సంపాదనతో పోలిక, మరొకరికి ఇరవై ఏళ్ల కిందట పెళ్లి పందిట్లో జరిగిన అవమానం, ఇంకొకరికి పిల్లల ర్యాంకు గురించిన భయం. రోజంతా ఎన్ని ఆలోచనలు వచ్చినా, చేతిలో పని లేని మరుక్షణం మనసు వెళ్లి వాలే చోటు అదే. ఆ చోటును నిందించకుండా, సమర్థించుకోకుండా గుర్తుపట్టడమే ఆత్మ పరిశీలనకు మొదలు. ఇసుక మీద కోపగించుకునే డ్రెడ్జర్ ఉండదు.

ఈ లోతు కొలతను ఒక శాస్త్రంగా, ఒక జీవన విధానంగా అభ్యసించినవారు రెండు వేల ఏళ్ల కిందట ఇదే తీరం మీద, భీమిలి దారిలోని కొండల మీద నివసించారు. మంగమారిపేట దగ్గర సముద్ర మట్టానికి సుమారు 128 మీటర్ల ఎత్తున ఉన్న తొట్లకొండను నౌకాదళం 1970ల్లో జరిపిన సర్వే వెలుగులోకి తెచ్చింది. 1988 తర్వాతి కొన్నేళ్లలో రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల గదులతో కూడిన విహారాలు, వంటశాల, భోజనశాల బయటపడ్డాయి. వాననీటిని నిల్వ చేసేందుకు రాతిలో తొలిచిన తొట్ల వల్లనే కొండకు ఆ పేరు వచ్చింది. అక్కడ శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. ఈ చివరి వివరం ముఖ్యమైనది. మనసును గమనించేవాడు లోకానికి దూరంగా అడవిలోకి పోవాలన్న అభిప్రాయం జనంలో బలంగా ఉంది. తొట్లకొండ భిక్షువులు మాత్రం ఓడలు కనిపించేంత దగ్గరలో, వర్తకుల దానాల మీద బతుకుతూ, వర్షాకాలమంతా ఆ గదుల్లో తమ చిత్తాన్ని పరిశీలించుకున్నారు. రేవుకూ ధ్యానానికీ పొత్తు కుదరదనడానికి ఈ తీరపు చరిత్ర ఒప్పుకోదు.

వారు అనుసరించిన బౌద్ధ సంప్రదాయంలో ఈ గమనింపుకు పాళీ భాషలో ‘సతి’ అని పేరు, సంస్కృతంలో అదే స్మృతి. జ్ఞాపకమనే మామూలు అర్థం కన్నా ఇక్కడ ‘చేస్తున్నదాన్ని మరవకుండా ఉండటం’ అనే అర్థం ప్రధానం. సతిని నిలపడానికి నాలుగు స్థానాలు చెప్పారు: శరీరం, వేదన, చిత్తం, ధర్మాలు. తెలుగులో వేదన అంటే బాధ. బౌద్ధంలో మాత్రం సుఖం, దుఃఖం, రెండూ కాని స్థితి అనే మూడింటికీ ఉమ్మడి పేరు. ఆలోచనల అలవాట్లను మార్చదలచినవారికి ఈ నాలుగింటిలో అత్యంత ఉపయోగకరమైనది ఈ వేదనే, ఎందుకంటే ఆలోచన రూపం దాల్చక ముందే దాని తొలి స్పర్శ ఒంట్లో ఇష్టంగానో అయిష్టంగానో తగులుతుంది. ఫోన్లో ఒక పేరు కనిపించగానే ఛాతీలో కలిగే చిన్న బిగువు అలాంటిది. ఆ బిగువును అక్కడే గమనించినవాడికి, దాని వెనుక వరుసగా రాబోయే పాత ఫిర్యాదులన్నీ వచ్చి తీరాలన్న నియమం లేదని తెలుస్తుంది. గొలుసు ఆ ఒక్క చోట వదులుగా ఉంటుంది.

తొట్లకొండ నుంచి సింహాచలం చేరితే ప్రశ్న మారుతుంది. అక్కడ వరాహ లక్ష్మీనృసింహ స్వామి ఏడాది పొడుగునా చందనపు పూతలో లింగాకారంలో కనిపిస్తాడు. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు మాత్రమే ఆ చందనాన్ని ఒలిచి నిజరూప దర్శనం కలిగిస్తారు. ఆ రాత్రే తిరిగి చందన సమర్పణ మొదలవుతుంది. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణమి నాళ్లలో మిగిలిన విడతలు పూర్తవుతాయి, ఒక్కో విడతకు మూడు మణుగులు, అంటే సుమారు 125 కిలోల చందనం. ఉగ్రమూర్తిని చల్లబరచడానికే ఈ పూత అని క్షేత్ర సంప్రదాయం చెబుతుంది.

అద్వైత వేదాంతంలో ఆవరణ, విక్షేపం అనే రెండు మాటలున్నాయి. ఉన్నదాన్ని కప్పివేసే శక్తి ఆవరణ, లేనిదాన్ని ఉన్నట్టు చూపే శక్తి విక్షేపం. నిజరూపాన్ని కప్పిన చందనాన్ని ఆవరణకు గుర్తుగా తీసుకోవడం పండితులకు సులువైన వ్యాఖ్య. అయితే సింహాచలంలో పూత శత్రువు కాదు, అది ఉపచారం. భక్తులు దాన్ని మోసమని అనుకోరు, ప్రసాదంగా స్వీకరిస్తారు. మనిషి విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. ఉద్యోగంలో ధరించే గాంభీర్యం, ఇంట్లో పెద్దరికం, బంధువుల ముందు నిబ్బరం అన్నీ పూతలే, వాటిలో చాలావరకు తనలోని ఉగ్రతను ఇతరులకు తగలనివ్వకుండా వేసుకున్నవే. వాటన్నిటినీ కపటమని ఒలిచి పారేయమనే బోధ అవివేకం. పూత కింద రూపం ఒకటుందని మరిచిపోవడమే ప్రమాదం. ఏడాదికి ఒక్కరోజు ఒలవడం ఆ మరుపుకు విరుగుడు. నాలుగో విడత పూర్తయ్యే ఆషాఢ పౌర్ణమికే లక్షల మంది సుమారు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేయడం కూడా గమనించదగినది, వారు చుట్టి వచ్చేది రూపం కనిపించే రోజున కాదు, పూర్తిగా కప్పబడిన రోజున.

ఈ రెండు కొండలు గుర్తుచేసే బౌద్ధానికీ అద్వైతానికీ మధ్య ఒక తీవ్రమైన అభిప్రాయభేదం ఉంది, దాన్ని మర్యాద కోసం కప్పిపుచ్చడం తగదు. గమనించేవాడు ఎవరు అన్న ప్రశ్నకు వేదాంతి ‘సాక్షి’ అని జవాబిస్తాడు, అంటే ఆలోచనలకు అంటకుండా వాటిని వెలిగించే చైతన్యం. అలాంటి స్థిరమైన యజమాని ఎక్కడా లేడని, గమనింపు కూడా కారణాల వల్ల పుట్టి గిట్టేదేనని బౌద్ధుడు అంటాడు. ఆధునిక విశ్వవిద్యాలయంలో ఈ ప్రశ్నను మళ్లీ లేవనెత్తినవారిలో కోనేరు రామకృష్ణారావు ముఖ్యుడు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 వరకు ఉపకులపతిగా ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే చదివి, అమెరికాలో పరామనస్తత్వ పరిశోధకుడు జె.బి. రైన్ వద్ద పనిచేసి వచ్చి, 1967లో ఆయన ఇక్కడ మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్ర విభాగానికి పునాది వేశాడు. 1980ల్లో అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యాడు, 2021లో మరణించాడు. పరామనస్తత్వం, అంటే ఇంద్రియాతీత అనుభవాల పరిశోధన, శాస్త్రజ్ఞుల్లో వివాదాస్పదంగానే మిగిలింది. ఆయన కృషిలో నిలిచేది మరొకటి: పాశ్చాత్య మనస్తత్వశాస్త్రం మనసునూ చైతన్యాన్నీ ఒకటిగా కలిపేసిందని, భారతీయ సంప్రదాయం శరీరం, మనసు, చైతన్యం అనే మూడింటినీ వేరుపరిచి చూసిందని ఆయన పదేపదే వాదించాడు. దీనికి నిత్యజీవితంలో ఒక ఫలితం ఉంది. మనసు చైతన్యానికి పనిముట్టు మాత్రమే అయితే, ‘తాను పనికిరానివాడు’ అన్న ఆలోచన ఆ పనిముట్టు చేసిన చప్పుడే తప్ప, తెలుసుకునేవాడి మీద వెలువడిన తీర్పు కాదు. బౌద్ధుడు ఈ వాదాన్ని ఒప్పుకోకపోయినా ఫలితాన్ని కాదనడు; యజమానే లేనప్పుడు తీర్పు ఎవరి మీద?

ఈ మొత్తం విధానానికి అతి బలమైన అభ్యంతరం కూడా ఒక తెలుగు నేల బిడ్డ నుంచే వచ్చింది. 1895లో మదనపల్లెలో పుట్టి, జగద్గురువుగా తనను నిలబెట్టిన సంస్థను 1929లో తానే రద్దు చేసిన జిడ్డు కృష్ణమూర్తి, పద్ధతి ప్రకారం చేసే ఏ సాధనైనా మనసును యంత్రంగా మారుస్తుందని, గమనించేవాడనే వాడు గమనించబడే ఆలోచనకు వేరు కాడని జీవితమంతా బోధించాడు. ఈ మాట తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు. ప్రతి ఉదయం నియమంగా ధ్యానం చేసి, ఆ నియమాన్ని తప్పినవారి పట్ల చిన్నచూపు పెంచుకున్నవారు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు; వారి ఎరుక కూడా ఒక మేటగా మారింది. ఆత్మ పరిశీలన పేరిట గంటల తరబడి తమ గాయాలనే తడుముకునేవారి సంగతి ఇంకా కష్టం, అది పరిశీలన అనే పేరు పెట్టుకున్న పాత వాసన. రోగనిర్ణయంలో కృష్ణమూర్తి సరిగ్గానే ఉన్నాడు. కానీ దాని నుంచి అభ్యాసమే వద్దనే ముగింపు రాదు. ఏరు దాటాక తెప్పను నెత్తిన మోయనక్కరలేదని బుద్ధుడు చెప్పినట్టు బౌద్ధ వాఙ్మయం చెబుతుంది. ఏరు మధ్యలో తెప్పను వదిలేయమని మాత్రం చెప్పలేదు. మూడు షిఫ్టుల్లో పనిచేసే మనిషికి, రాత్రి డ్యూటీ దిగి వచ్చి పిల్లల మీద విసుక్కునే తండ్రికి, నియమం లేని ఎరుక అందుబాటులో ఉంటుందని అనుకోవడం వారి బతుకు తెలియని మాట.

ఇక ప్రయోజనం సంగతి. పూజకు కూర్చున్న తెలుగు గృహస్థు ముందుగా సంకల్పం చెప్పుకుంటాడు. తాను ఏ ద్వీపంలో, ఏ పర్వతానికి ఏ దిక్కున, ఏ నదుల చెంత ఉన్నాడో, నడుస్తున్నది ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథో, తన గోత్రమేదో, పేరేదో వరుసగా పలికి, ఏ పని కోసం కూర్చున్నాడో చిట్టచివర చెబుతాడు. అలవాటుగా వినేవారికి ఇది పురోహితుడు గబగబా చదివే పాఠం. ఆగి వింటే అందులో ఒక క్రమం కనబడుతుంది: నిలబడిన చోటు, నడుస్తున్న కాలం, పుట్టిన వంశం తెలిసిన తర్వాతే ఉద్దేశం. లక్ష్యాన్ని ముందు గీసుకుని బతుకును దానికి సరిపెట్టాలనే నేటి బోధకు ఇది తలకిందులు. తన మనసులో ఎక్కడ మేట వేసిందో తెలియని మనిషి పెట్టుకున్న లక్ష్యం, చాలాసార్లు ఆ మేటే వేరే పేరుతో తిరిగి వచ్చినది. తోబుట్టువుతో పోలికే ‘ఆశయం’ అనే గౌరవనీయమైన పేరు ధరిస్తుంది.

ఒక ప్రాంతమంతా కలిసి చేసుకున్న సంకల్పానికి విశాఖ ఉక్కు ఉదాహరణ. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అనే నినాదంతో లేచిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశాడు. ఇరవై ఆరేళ్లు పట్టిందన్నమాట. విద్యార్థులుగా వీధుల్లో నిలిచినవారు నడివయసుకు వచ్చేదాకా ఆ కోరిక చల్లారకుండా ఉండటమే అందులోని విశేషం. కర్మాగారంలోనే దీనికి పోలిక ఉంది: కోక్ ఓవెన్ బ్యాటరీని ఒకసారి వేడెక్కించాక దాని ఆయుష్షంతా చల్లారనివ్వరు, చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగులుతాయి. అయితే సంకల్పాన్ని కూడా గమనిస్తూ ఉండాలి. ఆ కర్మాగారం కోసం భూములు వదులుకున్న గ్రామాల నిర్వాసితుల గోడు దశాబ్దాల పాటు వినబడుతూనే వచ్చింది. ఎంత మంచి ప్రయోజనమైనా ఎవరి నేల మీద నిలబడిందో మరిచిపోతే, అక్కడ ఎరుక తప్పినట్టే.

రేవు దగ్గర తీసిన ఇసుక ఏమవుతుందన్న ప్రశ్న మిగిలి ఉంది. సహజంగా ఉత్తరానికి సాగిపోవలసిన ఆ ఇసుకను రేవు నిర్మాణాలు అడ్డగించడం వల్ల, ఆ పైనున్న రామకృష్ణా బీచ్ కోతకు గురవుతూ ఉంటుంది. అందుకని తవ్వి తీసిన ఇసుకను తీసుకెళ్లి ఆ ఒడ్డుకే పోస్తారు. కాలువలో ఓడకు అడ్డమైనది ఊరికి ఆధారమవుతుంది. ఆత్మ పరిశీలన నిజమైనదో కాదో తేల్చడానికి ఇంతకన్నా మంచి కొలత కనిపించదు. తన భయాన్ని గుర్తుపట్టిన తల్లి పిల్ల భయాన్ని వినగలుగుతోందా, తన కోపపు మూలం తెలిసిన అధికారి కింది ఉద్యోగి తడబాటును ఓర్చుకోగలుగుతున్నాడా అన్నది చూడాలి. లోపల తవ్వినది ఎవరి ఒడ్డుకూ చేరకపోతే ఆ తవ్వకం అసంపూర్ణం. ఈ వ్యాసం చదివినవారు ఈ రాత్రి పడుకునే ముందు చేయదగిన పని ఒకటే: పని లేని క్షణాల్లో ఇవాళ తమ మనసు ఎక్కడికి వెళ్లి వాలిందో ఒక్క వాక్యంలో రాసుకోవడం, దాని కింద ఇవాళ ఆ కారణంగా ఎవరు నొచ్చుకున్నారో ఆ పేరు రాయడం, రేపు ఉదయం ఆ మనిషితోనే ముందుగా మాట్లాడటం.